మోపు దించుకునే బండ

కువైట్‌లోని రుమైథియాలో నేను వంట చేసే ఇంటి చిన్నపిల్లకు, ఇంగ్లండులో తన టీచరమ్మ పుట్టిన పల్లె గురించి తరగతిలో మాట్లాడే పని పడింది. వంటింటి బల్ల మీద ఫొటోలు పరిచి, నాకు అర్థమయ్యే అరబ్బీలో ముందు నాకే చెప్పి చూసుకుంది. తొమ్మిది ఇళ్లు, పాత చర్చి, చేతిపంపు, వాగు మీద రాతి వంతెన. ఇంతేనా, ఇందులో చెప్పడానికి ఏముందని మూతి ముడిచింది. నాకు ఒళ్లు మండింది. మా పల్లెలో ఉన్నవీ పదకొండు ఇళ్లే. రాయచోటి వాళ్లకే సరిగా తెలియదు. అంతమాత్రాన చరిత్ర లేకుండా పోతుందా?

చర్చి గేటు పక్కన మూడు మెట్ల రాయి ఒకటి ఉంది. పిల్ల కాగితాలన్నీ తిరగేసింది, అదేమిటో ఎక్కడా రాసి లేదు. నేను చూడగానే గుర్తుపట్టాను, మోపు దించుకునే బండ! మా ఊరి దారిలోనూ ఉంది. రొమ్ముల ఎత్తున రెండు నిలువు రాళ్లు, పైన అడ్డబండ. తల మీది కట్టెల మోపు దాని మీదికి జరిపి ఊపిరి పీల్చుకోవచ్చు, మళ్లీ ఎత్తుకోవడానికి ఇంకొకరి చెయ్యి అక్కర్లేదు. మా జేజికి, అదే మా నాయనమ్మకు, తోడికోడలు నిండు చూలాలు, మోపుతో ఆ దారిలోనే కూలి చనిపోయింది. ఇంకే ఆడదానికీ ఆ గతి పట్టకూడదని ఊరంతా కలిసి ఆ బండ నిలిపారు. ఇదంతా గొప్పగా చెప్పాను. పిల్ల రాసుకుంది.

మర్నాడు పిల్లను బడిలో దింపి, మా డ్రైవరు టీకి వచ్చాడు. కోనసీమ మనిషి. విషయం చెబితే నవ్వాడు.

"అది గుర్రం ఎక్కే రాయండీ. దొరలు మోపులెందుకు మోస్తారండీ?"

 అసలే నలుగురిలో నోరు విప్పని పిల్ల, దాని పరువు నేనే తీశాను.

"ముందే చెప్పింటే నీ సొమ్మేం పోతాండె అన్నా?" అని కసిరాను. ఆయనకేం తెలుసు పాపం. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

మధ్యాహ్నం పిల్ల సంచీతోనే వంటింట్లోకి వచ్చింది. అది గుర్రం ఎక్కే రాయని టీచరమ్మ చెప్పిందట, అందరూ నవ్వారట. నేను తల ఎత్తలేకపోయాను. ఈ పిల్ల మాత్రం కూర్చోలేదట. గుర్రం ఎక్కేవాళ్లకు రాయి వేశారు సరే, కట్టెలు మోసిన ఆడవాళ్లకు ఎక్కడ వేశారని అడిగిందట. టీచరమ్మ తమ ఊళ్లో అలాంటిది లేదందట.

"మా ఊళ్లో ఉంది" అని పిల్ల చెప్పి, అప్పుడు కూర్చుందట.