తాళం వేసిన గది నుంచి హలో

బిడ్డ మీద ఒట్టు వేసి చెప్పమంటే వేయలేను. అంత ధైర్యం లేదు. కానీ ఇది జరిగింది... నాకే జరిగింది. నవ్వుకుంటే నవ్వుకోండి, మధ్యలో మాత్రం ఆపకండి.

అప్పట్లో నేను మాన్కోలిలో ఒక గోదాముల కంపెనీలో నెట్‌వర్క్ పని చూసేదాన్ని. పాపకు ఏడో నెల. మావారు నూలు పని మీద సూరత్ వెళ్ళారు. పాపను మేముండే మగ్గాల వాడ కామత్‌ఘర్‌లో అత్తమ్మ దగ్గర వదిలి రాత్రి డ్యూటీకి రావడం అదే మొదటిసారి. పగలు లారీలు లోడవుతుంటాయి, నెట్‌వర్క్ ఆపనివ్వరు.

పాప సీసా పాలు ముట్టదు. కడుపు నిండా పట్టించే వచ్చాను. అయినా నా ప్రాణమంతా అక్కడే ఉంది.

పని ఏమిటంటే... రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకుంటాయి. ఊరిని వాడలుగా విడదీసినట్టు వాటిని ఏరియాలుగా విడదీయాలి. ప్రతి రౌటరూ పక్కదానికి కొద్ది సెకన్లకోసారి 'హలో' పంపుతుంది. ఏరియా నంబరు కలవాలి. రహస్య పదం, అదే కీ, అదీ కలవాలి. అప్పుడే రెండూ ఇరుగుపొరుగు అవుతాయి. ఏది కలవకపోయినా ఎంత పిలిచినా పలకవు.

ఆ రాత్రి మాన్కోలికి కొత్త ఏరియా నంబరు ఇచ్చాను. కీ ఏం పెట్టాలో తోచలేదు. పాలిచ్చేటప్పుడు పాప చెవిలో మాత్రమే అనే ముద్దుపేరు ఒకటుంది. అత్తమ్మ కూడా వినలేదు. ఇక్కడా రాయను. అదే పెట్టాను. లైన్లన్నిటికీ పెట్టుకుంటూ పోయి, కామత్‌ఘర్ పాత ఆఫీసు లైనుకు కూడా పెట్టేశాను.

ఆ ఆఫీసు మేం కాపురముండే బిల్డింగులోనే ఉండేది. మా గది గోడకు అవతలి గది. వానలకు ముందే మూసేశారు. కరెంటు మీటరు కూడా పీకేశారు. తాళం వేసిన గదిలో పాత రౌటర్ ఒకటి దుమ్ము పట్టి పడి ఉంది.

వాచ్‌మన్ రాజయ్య టీ తెచ్చాడు. కరీంనగర్ దిక్కు మనిషి.

"ఆటోవాడు చెప్పిండు బిడ్డా, కామత్‌ఘర్ల కరెంట్ పోయిందట. సాంచెలన్నీ బంద్."

మా వాడ పిల్లలు ఆ సాంచెల, అంటే మరమగ్గాల చప్పుడుకే నిద్రపోతారు. చప్పుడు ఆగిందంటే ఉలిక్కిపడి లేస్తారు. పాప లేచి ఉంటుంది. పాలకు ఏడుస్తుంటుంది. నేనేమో ఇక్కడ...

అప్పుడే స్క్రీన్ మీద ఒక లైను పడింది.

కొత్త పొరుగు.

పాత ఆఫీసు చిరునామా.

కళ్ళు నులుముకున్నాను. మళ్ళీ చూశాను. అదే. కరెంటు లేని గది నుంచి... హలో. కొత్త ఏరియా నంబరుతో. ఇంతకుముందే నేను కొట్టిన కీతో. మెల్లగా ఒక్కొక్క మెట్టూ దాటి... ఫుల్. అంటే పూర్తిగా కలిసిపోయింది.

అదే క్షణంలో నా రొమ్ములు జివ్వుమన్నాయి. జాకెట్టు తడిసిపోయింది. పాప నోరు తగిలినట్టే... అచ్చం అట్లాగే.

ఇంటికి ఫోన్ చేశాను. మోగింది... మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను.

"ఊకె గట్ల చేస్తె పిల్ల కాదు, ఫోనే ఏడుస్తది," అని నవ్వాడు రాజయ్య. "ముసలామె పండుకున్నదేమో. తాగు, టీ సల్లారుతది."

ఆ లైను పక్కన ఒక అంకె తగ్గుతూ ఉంటుంది. హలో అందితే మళ్ళీ నలభైకి ఎగురుతుంది. అందకుండా సున్నాకు వస్తే ఆ పొరుగు పోయినట్టు. ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను. ముప్పై రెండు... ముప్పై ఒకటి... మళ్ళీ నలభై. తెలియని పొరుగును తీసేయాలి, అది నా పని. వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేకపోయాను. భయమే... కానీ అది పోతే పాపకూ నాకూ మధ్య ఏదో తెగుతుందనిపించింది.

చాలాసేపటికి అంకె ముప్పై దాటి కిందికి పోయింది. ఇరవై... పది... లైను మాయమైంది. ఛాతీ తేలికైంది. ఖాళీ అయినట్టు.

తెల్లవారకముందే దొరికిన ఆటో ఎక్కాను. అత్తమ్మ తలుపు తీసి చిరాకు పడింది.

"మల్ల ఎప్పుడు పోయినవే? పోతున్న అని చెప్పరాదా?"

"ఎక్కడికి అత్తమ్మా?"

"ఏందే గట్ల అడుగుతవ్? సాంచెలు ఆగంగనే అచ్చినవ్ గదా. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటె తీస్కొని గా గోడకు ఆనుకొని కూసున్నవ్. దీపం ముట్టిస్తనంటె ఒద్దని చెయ్యి ఊపినవ్."

ఆ గోడ వైపు చూశాను, పాత ఆఫీసు గది దాని అవతలే. "ఫోన్ మోగలేదా?"

"మోగె. లేవబోతుంటె నువ్వే నా చెయ్యి పట్టి ఆపితివి. మంచు లెక్క ఉండె నీ చెయ్యి. ఏసీ రూముల కూసొని గట్లయిందనుకున్న."

పాపను ఎత్తుకున్నాను. ఒంటి మీద గీత కూడా లేదు. వెచ్చగా ఉంది. రొమ్ము అందించాను. రాత్రంతా పాలు లేని బిడ్డ మీద పడి తాగాలి కదా... మొహం తిప్పేసుకుంది. కడుపు నిండుగా ఉంది. పెదవి చివర ఎండిన పాల చార.

అత్తమ్మ నిద్రమత్తులో కల కని ఉండవచ్చు. పాత రౌటర్‌లో ఏదైనా లోపం కావచ్చు. మావారు అదే అన్నారు. నాకు తెలియదు.

భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అసూయ. నేను లేని ఆ రాత్రి ఎవరో వచ్చి నా బిడ్డను అంతసేపు ఒళ్ళో పెట్టుకున్నారు. అది నేనే అయితే... ఆ బరువు నా చేతులకు ఎందుకు గుర్తు లేదు?