పరుపు అంచున గుంట

ఆ గుమస్తా ఎవరి మొహం చూసి లేచాడో గానీ, పొద్దున్నే వచ్చి పరుపులామెతో తగువు పెట్టుకున్నాడు. భుజాన మోసుకొచ్చిన పరుపుచుట్టను షెడ్డు ముందు దబ్బున పడేశాడు.

"దూది కాజేశావు," అన్నాడు. "పోయినేడు నువ్వు కుట్టిచ్చినప్పుడు జానెడు మందం ఉంది. ఇప్పుడు పడుకుంటే నడుముకి మంచం చెక్క తగులుతోంది."

ఆయన వెనక నాలుగడుగుల దూరంలో ఆయన భార్య, చేతిలో ఖాళీ సంచి పట్టుకుని నిలబడి ఉంది. మొగుడితో పాటు వచ్చిందో, దారిలో తగులుకుందో తెలియనట్టు నిలబడింది.

షెడ్డులో పనిచేసేది ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె పాత దూది విప్పి ఎండేసి, ఏకి, మళ్లీ నింపి దబ్బనంతో కుట్టేది. ఆమే పరుపులామె. రెండో ఆమె కుట్టుమిషను మీద పరుపు గుడ్డలూ తలగడ గలీబులూ కుట్టేది కాబట్టి ఆమె మిషనామె. ఇద్దరికీ వయసులో మూడేళ్లే తేడా. అయినా పరుపులామె ఆమెను "పిల్లా" అనే పిలిచేది, ఇప్పటికీ అంతే. మిషనామె నోరు కూడా చిన్నదేం కాదు. కానీ పరుపులామె నోరు తెరిచిందంటే తన మిషను ఆపేసి వినేది. అంత బాగుండేది ఆ తిట్టు.

"పిల్లా, కత్తెర ఇటివ్వు," అంది పరుపులామె.

గుమస్తా ఆపేలోపే కుట్టు తెగింది. పద్నాలుగేళ్ల కూతురు రెండో కొసన గుడ్డ పట్టుకుంది. తల్లీ కూతుళ్లు ఆ పరుపును నడివీధిలో పరిచి పై గుడ్డ తొలగించారు. పాల కోసం వచ్చినవాళ్లు, పనికి పోతున్నవాళ్లు, అందరూ మూగారు. ఊరికే చూసే తమాషా ఎవరికి చేదు?

"రండమ్మా, మీరే చూడండి," అంది పరుపులామె. "ఈ అంచున ఒక గుంట. ఆ అంచున ఇంకో గుంట. నడుమ చూడండి, చేను గట్టులా ఎలా లేచిందో. దూది ఎక్కడికీ పోలేదు నాయనా. నువ్వు అటు తిరిగి, ఆవిడ ఇటు తిరిగి ఏడాది పాటు పడుకుంటే మధ్యకి పోయి కూర్చుంది, పాపం, అదైనా ఇద్దర్నీ కలుపుదామని. ముందు కాపురం ఏకించుకో. తర్వాత పరుపు పట్రా."

వీధి వీధంతా గొల్లుమంది. మిషనామెకు నవ్వాగక కళ్లలో నీళ్లొచ్చాయి. గుమస్తా పరుపును చుట్టనైనా చుట్టకుండా, ఆ విప్పిన గుడ్డతోనే వదిలేసి చక్కా పోయాడు. పరుపులామె గెలిచింది. చీర కొంగు నడుముకి బిగించి, ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు వీధిని ఒక చూపు చూసింది.

నవ్వనిది కూతురొక్కతే.

"అమ్మా, ఆవిడ మొహం చూశావా?" అంది.

"ఏ ఆవిడ?"

"ఆయన భార్య."

"నేనన్నది వాణ్ణి కదే. ఆవిణ్ణి ఒక్క మాటన్నానా?"

ఆ తర్వాత ఆ భార్య బజారుకి పోవాలంటే షెడ్డు ముందు నుంచి పోవడం మానేసింది. చుట్టూ తిరిగి వెనక సందులోంచి పోయేది. ఎండలోనూ అంతే, వానలోనూ అంతే. మిషనామె అది ఏనాడూ పట్టించుకోలేదు. కూతురు చెప్పాకే తెలిసింది.

పరుపులామె రాతి గుండెది అని వీధిలో అనుకునేవాళ్లు. మిషనామె మాత్రం ఒప్పుకునేది కాదు. పరుపులామె మొగుడు వ్యాను నడిపేవాడు, ముప్పై ఏడేళ్లకే జ్వరంతో పోయాడు. ఆ రోజు ఆమె ఏడవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లను చెప్పులు అడ్డంగా విడిచారని తిట్టింది. డాక్టర్ని తిట్టింది. గోడ గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తోందని దాన్నీ తిట్టింది. నాలుగో రోజున షెడ్డుకి వచ్చి దూదేకే విల్లు పట్టుకుంటే, ఆమె వాయించిన వాయింపుకి దూది పైకప్పుకి అంటుకుంది. అప్పుడు తెలిసింది మిషనామెకు. ఈమెకు దుఃఖమొచ్చినా కోపంగానే బయటికొస్తుంది, భయమొచ్చినా కోపంగానే వస్తుంది. సంతోషమొస్తే ఓ రెండు తిట్లు తక్కువ, అంతే తేడా. ఒకటే తలుపున్న ఇంట్లోంచి ఎవరు బయటికి రావాలన్నా ఆ తలుపులోంచే రావాలి కదా మరి.

కూతురు అలా కాదు. తల్లి దగ్గర పనంతా నేర్చుకుంది. పరుపు విప్పగానే ఏ గుంట ఏమిటో ఇద్దరూ పోటీలు పడి చెప్పేవాళ్లు. ఇక్కడ భుజం ఒక్కటే దిగింది, ముసలాయన ఒత్తిగిలి పడుకుంటాడు. ఇక్కడ దూది ఉండకట్టింది, చంటివాడు పక్క తడుపుతున్నాడు. ఇది కాళ్ల వైపే నలిగింది, ఎవరికో కాళ్లు తీపులు. తల్లి అంతటితో ఊరుకునేది. కూతురు మాత్రం పరుపు తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లను మెల్లగా అడిగేది, "కాళ్లు నొప్పులా పెద్దమ్మా?" అని. వాళ్లు కూర్చునిపోయేవాళ్లు. పనంతా చెడేది.

"పరుపులు కుడతావా, పరామర్శలకి కూర్చుంటావా?" అని తల్లి కసిరేది. "గుంట చూస్తే తెలియడం లేదూ? మళ్లీ అడగడం దేనికి?"

ఆ పిల్లకు కరెంటు పని చేసే కుర్రాడితో పెళ్లయింది. రెండు వీధుల అవతలే కాపురం. మంచివాడు. మాట్లాడితే ఎక్కడ కరెంటు ఖర్చవుతుందో అన్నట్టుండేవాడు. రెండేళ్లు గడిచాక ఒకనాడు ఆ అల్లుడే పరుపు తెచ్చి, "అత్తయ్యా, గట్టిపడింది, ఏకాలట," అని చెప్పి, నిలబడనైనా నిలబడకుండా పోయాడు.

పరుపులామె మర్నాడు పొద్దున విప్పింది. విప్పి, చేతులు అలాగే ఉంచేసింది. మిషనామె తల ఎత్తి చూసింది. పరుపుకి ఒక్క అంచునే గుంట. అది కూడా ఎంత కొసకంటే, ఇంకో బెత్తెడు జరిగితే మనిషి కింద పడుతుంది. మిగిలిన పరుపంతా పాత గుంటలు పూడి పొంగి ఉంది, కొన్నాళ్లుగా దాని మీద మనిషే లేనట్టు.

"వాడు పక్క మీద ఉండటం లేదు," అంది పరుపులామె. ఆమె పెదవులు తెల్లబడ్డాయి. అంత భయం ఆమె మొహంలో మిషనామె ఎప్పుడూ చూడలేదు. మరుక్షణంలో భయం లేదు, చెప్పులు వేసుకుంటోంది.

"అక్కా, ముందు అడుగు," అంది మిషనామె. "పిల్లను పక్కకి పిలిచి ఊరికే అడుగు."

"అడగడానికేముందే? దూదికి అబద్ధం చెప్పడం వచ్చా?"

సూదిలో దారం అలాగే వదిలి మిషనామె వెనకాలే పరిగెత్తింది. ఆ ఇల్లు నాలుగు వాటాల ఇల్లు. నడుమ వాకిట్లో ఒకటే కుళాయి. నీళ్లొచ్చే వేళ, బిందెలూ ఆడవాళ్లూ నిండుగా ఉన్నారు. అల్లుడు చెంపలకి సబ్బు నురగతో, సగం గడ్డం గీసుకుని, గుమ్మంలో అద్దం ముందు నిలబడి ఉన్నాడు.

"ఎక్కడ పడుకుంటున్నావురా?" అంది పరుపులామె, గేటులోంచే. "నా కూతుర్ని అంచుకి నెట్టి నువ్వు ఎవరింట పడుకుంటున్నావు? పేరు చెప్పు. ఇప్పుడే పోయి దాని సంగతి చూస్తా."

అతను నురగ మెడ మీదికి కారుతుంటే లోపలికి చూశాడు. నోరు విప్పకపోతే ఓడినట్టే కదా ఆమె లెక్కలో. ఇంకా రెచ్చిపోయింది. ఆ మాటలన్నీ ఇక్కడ రాయడం అనవసరం.

కూతురు బయటికి వచ్చింది. గడప పట్టుకుని నిలబడింది. మనిషి సగమైంది.

"అమ్మా, నాలుగో నెలలో కడుపు పోయింది," అంది. గొంతు పెంచలేదు. కానీ వాకిలంతా వినపడింది. "ఇరవై రోజులైంది. మంచం కదిలితే నాకు నొప్పి పుడుతోందని ఆయన కింద పడుకుంటున్నాడు. చెయ్యి పట్టుకోమని నేనే అంచుకి జరిగాను. ఎవ్వరికీ చెప్పలేదు. నీకు చెబితే వీధికి చెప్పినట్టేనని నీకూ చెప్పలేదు. ఇప్పుడు అందరూ విన్నారుగా. ఇంకేమైనా అడగాలా?"

కుళాయి కింద ఎవరిదో బిందె నిండి పొర్లిపోతోంది. కట్టేవాళ్లు లేరు.

అప్పుడైనా పరుపులామె ఆ పిల్లను దగ్గరికి తీసుకుని ఉంటే ఎలా ఉండేదో. మిషనామె ఆ క్షణాన్ని తర్వాత వెయ్యిసార్లు తలుచుకుంది. పరుపులామె చెయ్యి లేచింది కూడా, కూతురి వైపు. కానీ నోరు ముందు పరిగెత్తింది.

"కన్నతల్లికి చెప్పకుండా ఎలా ఉండగలిగావే? అంత పరాయిదాన్నయ్యానా?"

అది కూడా తిట్టులాగే వినపడింది. కూతురు లోపలికి పోయి తలుపు వేసుకుంది. గట్టిగా వేయలేదు, మెల్లగా గడియ పెట్టుకుంది.

ఆ సాయంత్రానికల్లా పరుపులామె ఆ పరుపు ఏకి నింపి కుట్టింది. అంత దగ్గర కుట్టు ఆమె ఎన్నడూ వేయలేదు. దాన్ని అందించడానికి మిషనామె వెళ్లింది. కూతురు చేత్తో కుట్టంతా తడిమి, "బాగుంది పిన్నీ," అంది. అంతే. నెల తిరక్కముందే మొగుడూ పెళ్లాలు వేరే ఊరు పోయారు. బస్సులో ఐదు గంటల దారి. అక్కడ ఆ పిల్ల పరుపుల కొట్టు పెట్టుకుందని తర్వాత తెలిసింది.

పరుపులామె వెళ్లలేదు. "దానికి అక్కర్లేని తల్లిని, నాకేం పని?" అనేది మొదట్లో. సిగ్గుపడే మనిషి తలవంచుకుంటుందని అందరూ అనుకుంటారు గానీ, ఈమె సిగ్గుకి ఇంకాస్త తల ఎగరేసేది. ఓ ఏడాది కనపడ్డవాళ్లందరితో గొడవ పడింది. తర్వాత ఆ గొడవలు కూడా తగ్గిపోయాయి. అది మిషనామెకు మరీ దిగులేసింది. పరుపు విప్పినప్పుడు ఎవరైనా సరదాకి, "ఏం చెబుతోంది మా పరుపు?" అని అడిగితే, "దూదినని చెబుతోంది," అనేది.

కూతురుండే ఊరి బస్సు పొద్దున పదింటికి వస్తుంది. పది దాటి పావుగంటయ్యేదాకా షెడ్డు తెరిచేది కాదు. షెడ్డు వెనకే తను కాపురముండే గదిలో మంచం అంచున కూర్చుని, తెరిచిన తలుపులోంచి సందు మొదలు కేసి చూస్తుండేది. "బస్సు కోసమా?" అని మిషనామె ఒకసారి అడిగింది. "చెప్పు వారు తెగింది, చూసుకుంటున్నా," అంది. కూతురు వెళ్లిన ఈ ఆరేళ్లూ ఆ వారు తెగుతూనే ఉంది.

జీవితమంతా పీల్చిన దూది నలుసులు ఊరికే పోతాయా? దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో ఇక చోటు లేదని పెద్దాసుపత్రిలో చెప్పారు. ఇంటికి తెచ్చుకుని నెలయింది. మాట కంటే ఆయాసమే ఎక్కువ వినపడుతోంది.

మొన్న మిషనామె జావ పట్టుకుని వెళ్తే, ఆమె వీపు ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది.

"అక్కా, పరుపులు కుట్టేదానివి, నీ పరుపు చూడు, రాళ్ల బస్తాలా ఉంది," అంది మిషనామె. "ఆరేళ్లయింది దీన్ని విప్పి. ఇవాళ ఏకించి పడేస్తా, లే."

"ముట్టుకుంటే చెయ్యి విరుస్తా," అంది పరుపులామె. ఊపిరి లేకపోయినా ఆ మాటకి మాత్రం ఎక్కడినుంచో వచ్చింది.

అప్పుడు చూసింది మిషనామె. తలుపు వైపు అంచున, పరుపుకి ఒకటే గుంట. పడుకుంటే పడే గుంట కాదు. కూర్చుంటే పడేది. లోతుగా, బిందె కుదురులా. 

"పిల్లా," అంది పరుపులామె. "రేపు దీన్ని చుట్టి బస్సు మీద వేయించు. దాని కొట్టుకి తీసుకుపో. ఏకాలి అని చెప్పి పెట్టు. ఎవరిదని చెప్పకు."

"నువ్వు దేని మీద పడుకుంటావు?"

"చాప లేదా? పడుకోవడం ఎన్నాళ్లులే ఇంక."

"దానికంటే నేను ఫోను చేసి రమ్మంటా. మీ అమ్మ ఇలా ఉందంటే రెక్కలు కట్టుకుని వస్తుంది."

"అలా వద్దు. చస్తున్నానంటే శత్రువైనా వస్తాడు." దగ్గొచ్చింది. చాలాసేపు ఆగలేదు. మిషనామె వీపు రాస్తూ కూర్చుంది. "నా కుట్టు దానికి తెలుసు. విప్పగానే గుంట చూస్తుంది."

"చూసి, మొండిది, పంతం పట్టి కూర్చుంది అనుకుంటే? గుంట ఎక్కడ పడిందో తెలుస్తుంది గానీ ఎందుకు పడిందో ఎలా తెలుస్తుందక్కా?"

పరుపులామె కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుంది మిషనామె. జావ చల్లారింది.

"అదే కదా నాకు అప్పుడు తెలియలేదు," అంది పరుపులామె, కళ్లు తెరవకుండానే. తర్వాత చెయ్యి చాపి మిషనామె మణికట్టు పట్టుకుంది. పట్టులో బలం లేదు గానీ విడిపించుకోవడానికి లేదు.

"నువ్వు అక్కడే కూర్చో. అది విప్పుతున్నంతసేపూ కూర్చో. నీ నోరు నాకు తెలుసు, నాకంటే ఏం తక్కువది కాదు. ఒక్క మాట మాట్లాడావో చూడు. కోప్పడితే కోప్పడనీ. ఏకేసి తిరిగిస్తే నెత్తిన పెట్టుకుని తెచ్చెయ్. ఎందుకు పిన్నీ అని అది అడిగితే, అప్పుడు చెప్పు, అంతా చెప్పు. అడిగితేనే చెప్పు."