పెద్ద వీధిలో గొడుగు

డాక్టరు చెప్పింది ఒక్కటే మాట. నెల రోజులు ఆ కంట్లో చుక్క నీరు పడకూడదు, చేత్తో తుడవకూడదు. మా నాయనకు ఉన్నది ఆ ఒక్క కన్నే. రెండోది నా చిన్నప్పుడే, కంకర కొడుతుంటే రాయి ఎగిరి తగిలి పోయింది. మిగిలిన కంటికి పొర కమ్మితే తిరుపతిలో ఆపరేషన్ చేయించి, మూడో రోజు నల్లద్దాలు పెట్టి ఊరికి తీసుకొస్తున్నాను. కార్వేటినగరం దాటేసరికి వాన పట్టుకుంది. ఊరి మొదట్లో కల్వర్టు తవ్వేశారని ఆటో అతను అక్కడే దించేశాడు. మా ఇంటికి పోవాలంటే పెద్ద వీధి గుండా నడవాలి, వేరే దారి లేదు.

నా భయం వానను చూసి కాదు. బ్యాగులో గొడుగు ఉంది. నా భయమంతా మా నాయనను చూసి.

ఎందుకో చెప్పాలంటే మా ఇంటికి గొడుగు ఎలా వచ్చిందో చెప్పాలి. మా తాతకు గొడుగు లేదు. వానొస్తే గోనెసంచి ఒక మూలను ఇంకో మూలలోకి దూర్చి తలమీద వేసుకునేవాడు. భూములున్న వాళ్ళు ఉండే పెద్ద వీధిలో మా వాళ్ళు చెప్పులు చేత పట్టుకుని నడిచే రోజులవి, ఇక గొడుగు మాట ఎవరెత్తుతారు? మా ఇంట్లో మొదటి గొడుగు మా నాయనదే. పుత్తూరులో కొన్నాడు. నల్లగుడ్డ, వంకీ తిరిగిన బెత్తం పిడి. ఆదివారం చర్చికి బయలుదేరితే ఆ గొడుగు కింద ఆయన ఠీవి చూడాలి! కానీ పెద్ద వీధి మొదలయ్యే చోట దాన్ని మూసి చంకలో పెట్టుకునేవాడు. ఎండ కానీ, వాన కానీ, వీధి దాటాకే మళ్ళీ తెరిచేవాడు. నేను పక్కన తడుస్తూ ఎందుకని అడిగితే, "నానితే సెడిపోతాది పాపా" అనేవాడు. నీళ్ళు తగలకూడని గొడుగును ఎవరో అంటగట్టారని చాలా ఏళ్ళు మా నాయన మీద జాలిపడ్డాను.

ఇప్పుడు ఆ పట్టింపు ఎవరికీ లేదు. మా వీధి పిల్లలు పూల గొడుగులు గిర్రున తిప్పుకుంటూ ఆ ఇళ్ళ ముందే బడికి పోతారు. మానుకోనిది మా నాయన ఒక్కడే. అలవాటు పడ్డ ప్రాణం, పోనీలే అని ఊరుకునేదాన్ని. ఆ రోజు ఊరుకునేందుకు వీల్లేదు.

గొడుగు తెరిచి ఆయన తలమీద పట్టి, రెండో చేత్తో మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నాలుగిళ్ళు దాటాము. అయిదో ఇల్లు పెద్దాయనది. సగం వయసు మా నాయన ఆయన మామిడితోపులోనే కాపలా కాశాడు. పెద్దాయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నాయన అడుగు ఆగింది.

"మూసెయ్ పాపా."

"వాన పడతా ఉండాది నాయనా. కన్ను!"

"రెండు నిమిషాలే గదా. తువ్వాల కప్పుకుంటా."

"డాక్టరు ఏం సెప్పినాడు నీకు? మూసేదే లేదు."

"ఆయప్ప సూస్తా ఉండాడు."

"సూడనీ!"

నాయన తల తిప్పి నా మొహంలోకి చూశాడు. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం ఇద్దరమూ. నేను పిడిని ఇంకా బిగించాను. ఆయన మోచెయ్యి విదిలించుకుని, తువ్వాల తలమీద వేసుకుని గొడుగు కింది నుంచి బయటికి నడిచాడు.

గొడుగు చాపి వెంటపడ్డాను. నేను దగ్గరయ్యేకొద్దీ ఆయన అంగలు పెద్దవి చేశాడు. నల్లద్దాల పక్కలనుంచి నీళ్ళు కారుతున్నాయి. గట్టిగా లాగితే బురదలో జారిపడతాడని భయం, వదిలేస్తే కన్ను పోతుందని భయం. అప్పుడు నాకు కోపం వచ్చింది వరండాలో మనిషి మీద కాదు, మా నాయన మీద. చెంప పగలగొట్టాలన్నంత కోపం. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సరిగ్గా ఆ ఇంటి ముందుకు వచ్చేసరికి పెద్దాయన కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"ఎవుర్రా ఆ పోయేది? నాకు కండ్లు సరింగా అగపడవు."

నాయన నడివీధిలో ఆగిపోయాడు. తలమీది తువ్వాల కూడా తీసేసి చేతిలో పట్టుకున్నాడు.

"నేనే సామీ. మీ తోపు కావిలోణ్ణి."

"ఓ, నువ్వా! ఇంత వానలో తడస్తా పోతా ఉండావే, గొడుగు లేదా?"

రెండడుగుల వెనక నేను తెరిచిన గొడుగుతో నిలబడి ఉన్నాను.

"లేదు సామీ" అన్నాడు మా నాయన. అని, అద్దాలు పైకెత్తి, ఆ తడి తువ్వాల కొసతోనే కన్ను తుడుచుకున్నాడు.

ఇల్లు చేరేసరికే మంట అని కన్ను మూసుకున్నాడు. తెల్లారేసరికి రెప్ప వాచిపోయింది. మొదటి బస్సుకే మళ్ళీ తిరుపతికి పరుగెత్తాము. డాక్టరు నన్ను తిట్టాడు, పడ్డాను. ఎన్ని సూదులు వేసినా దక్కింది వెలుతురు మాత్రమే. మనుషులు ఆకారాలుగా తెలుస్తారు, ముఖాలు తెలియవు. నేను వాకిట్లోకి వచ్చి మాట్లాడితేనే నన్ను గుర్తుపడతాడు. ఆ రోజు సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు. నా మొహాన్ని ఆయన చివరిసారి చూసింది ఆ వీధిలోనే, మూసేదే లేదని నేను ఆయన మీద అరిచినప్పుడు.