అల్లుడికో కాలు, వదినకో కాలు

మా అమ్మమ్మ జ్ఞానప్రసూన ఒక్క విసురు విసిరిందంటే బంతి అమెరికాలో మేముండే మోరిస్‌విల్ దాటి ఎయిర్‌పోర్ట్ మీదుగా పోతుంది. దిగబోతున్న విమానాలు ఇంకో రెండు చుట్లు కొట్టి, బంతి వెళ్ళిపోయాక దిగుతాయి. పైలట్లు కిటికీలోంచి దండం పెడతారు. నమ్మకపోతే మీ ఇష్టం.

అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున్న మంచం మీంచి లేవలేక, "ఒసేయ్ మనీషా, నా కాళ్ళు ఎవరో పట్టుకుపోయారే!" అని మా అమ్మకి వినపడేలా కేక పెట్టింది.

కాళ్ళు ఎక్కడికీ పోలేదు. దుప్పటి కిందే ఉన్నాయి. కాకపోతే మడత పడమంటే పడనంటున్నాయి. ముందురోజు త్రోబాల్ ప్రాక్టీసులో కెప్టెన్ త్రివేణి అందరినీ ముప్పై స్క్వాట్స్ చెయ్యమంది. అవేమిటో పక్కావిడ చేస్తుంటే చూసి, "ఓస్, గుంజీళ్ళేనా! చిన్నప్పుడు ఎక్కాలు రానందుకు నేను తీసినన్ని మీలో ఒక్కరు కూడా తీసుండరు" అని అమ్మమ్మ వంద తీసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కరూ సోమవారం ఆవిడ గోడ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్ళడం చూళ్ళేదు.

వంద ఎందుకు తియ్యాలి అంటే, దానికో కథ ఉంది. కాకినాడ పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు స్టాంపులు అమ్మి, ముందుగానే రిటైరై కూతురింటికి మనవరాల్ని, అంటే నన్ను, పెంచడానికి వచ్చిన మనిషి ఆవిడ. మనవరాలు అన్నం గిన్నె విసిరితే గాల్లో పట్టేది. చెంచా విసిరితే ఎడంచేత్తో పట్టేది. అలా ఏడాదిన్నర ప్రాక్టీసు అయ్యింది కానీ అది ప్రాక్టీసని ఆవిడకి గానీ మాకు గానీ తెలీదు. ఏటా వేసవిలో పార్కులో తెలుగు ఆడవాళ్ళ త్రోబాల్ పోటీలు జరుగుతాయి. ఎనిమిదేళ్ళు అమ్మమ్మ గట్టు మీద గొడుగేసుకుని కూర్చుని స్కోరు రాసింది, ఆకలన్నవాళ్ళకి పులిహోర పెట్టింది. ఈ ఏడు కొత్త రూలు వచ్చింది. ప్రతి జట్టులోనూ అరవై దాటినవాళ్ళు ఒకరుండాలి. మా జట్టుకి అలాంటివాళ్ళు ఇద్దరే. అమ్మమ్మ, రెండు వీధుల అవతలుండే వసంతలక్ష్మిగారు. త్రివేణి ఇద్దరికీ పది బంతులేసింది. అమ్మమ్మ తొమ్మిది పట్టింది, వసంతలక్ష్మిగారు ఏడు. అరవై నాలుగేళ్ళకి మొదటిసారి అమ్మమ్మ గొడుగు మడిచి గట్టు దిగింది. వసంతలక్ష్మిగారు గట్టెక్కి స్కోరు పుస్తకం అందుకున్నారు.

ఫైనల్ శనివారం. సోమవారం సాయంత్రానికి అమ్మమ్మ కుంటుతోందన్న వార్త త్రివేణికి చేరిపోయింది. ఫోన్ చేసింది.

"ఆంటీ, శుక్రవారం సాయంత్రం పార్కు పక్కనున్న క్లబ్‌హౌస్‌కి రండి. పైనుంచి మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండా దిగాలి. పద్నాలుగు మెట్లే, నిమిషం టైమ్. దిగగలిగితే శనివారం మీరే. లేదంటే వసంతలక్ష్మి ఆంటీ."

"నేను బానే ఉన్నానే. నీకు ఎవరో గిట్టనివాళ్ళు చెప్పారు."

"మీ అమ్మాయే చెప్పింది ఆంటీ. మీరు కోర్టులో పడితే నన్ను బతకనివ్వదట."

ఇంక వైద్యం మొదలైంది. ముందు అల్లుడు, అంటే మా నాన్న దివాకర్ వచ్చాడు. ఆయన జిమ్‌కి వెళ్ళేది నెలకి రెండుసార్లు, జిమ్ వీడియోలు చూసేది రోజుకి రెండు గంటలు. "అత్తయ్యా, ఐస్ వాటర్! కండరం లోపల వాచి ఉంటుంది. చల్లటి నీళ్ళలో పది నిమిషాలు కాళ్ళు పెట్టి కూర్చోండి, మొత్తం లాగేస్తుంది. పెద్ద పెద్ద ప్లేయర్లందరూ చేసేది అదే. వేడినీళ్ళ జోలికి మాత్రం పోకండి."

"అలాగే బాబూ."

ఆయన అటు మీటింగ్‌కి వెళ్ళాడో లేదో వసంతలక్ష్మిగారు కల్లుప్పు పొట్లం, నువ్వులనూనె సీసా పట్టుకుని దిగారు. "వేణ్ణీళ్ళు వదినా, వేణ్ణీళ్ళు! ఇంత ఉప్పేసుకుని కాళ్ళు పెట్టుకుంటే పట్టేసినవన్నీ వదులైపోతాయి. చన్నీళ్ళు తగిలాయా, కాళ్ళు కొయ్యబారిపోతాయి. తర్వాత నన్ననకు."

"అలాగే వదినా."

ఇద్దరికీ అలాగే అనేసి అమ్మమ్మ తెల్లమొహం వేసింది. అల్లుడికి కాదని చెప్పడం ఆవిడకి రాదు. పదహారేళ్ళుగా ఒక్కసారీ చెప్పలేదు. ఆయన పెట్టిన కాఫీ కూడా పూర్తిగా తాగుతుంది, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి! వసంతలక్ష్మిగారి సంగతి ఇంకా తిరకాసు. అమ్మమ్మ కాళ్ళు బాగుపడితే ఆవిడకి ఆట లేదు. అలాంటి మనిషి చెప్పిన వైద్యం చేసుకోవచ్చా? ఛ, జ్వరమొస్తే మూడు రోజులు జావ కాచి పంపించిన మనిషి కదా. నిజమే, కానీ అప్పుడు త్రోబాల్ లేదు కదా! పోనీ చేసుకోకపోతే? అమ్మమ్మ ఆడలేకపోతే "చెప్పానా, విన్నావా" అని ఆవిడ బతికున్నన్నాళ్ళూ అంటుంది.

కూతుర్ని అడిగితే తేలిపోతుందనుకుని మనీషా గదిలోకి వెళ్ళింది. మనీషా హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తప్పించి, "రెండూ చెయ్యమ్మా. రెండూ మంచివే" అని మళ్ళీ తగిలించుకుంది. ఒకదాని తర్వాత ఒకటి, కాసేపు వేడి కాసేపు చల్లన అని ఆవిడ ఉద్దేశం. ఆ మాట చెప్పేలోపు ఆఫీసువాళ్ళు ఆవిడని ఏదో అడిగారు.

అమ్మమ్మ గుమ్మంలో నిలబడి ఆలోచించింది. రెండు వైద్యాలు. రెండు కాళ్ళు. మొహం వెలిగిపోయింది.

బాత్‌టబ్ నింపుకోమంటే వినలేదు. "మన మురికిలో మనమే నానుతూ కూర్చోడానికి గేదెలమా?" అంది. హాల్లో పాత తువ్వాళ్ళు పరిచి, పెరటి గాజు తలుపుకేసి కుర్చీ వేయించుకుని, ముందు రెండు బకెట్లు పెట్టించుకుంది. కుడివైపు ఎర్ర బకెట్‌లో పొగలు కక్కే ఉప్పునీళ్ళు. ఎడమవైపు నీలం బకెట్‌లో ఐసుముక్కలు తేలే నీళ్ళు. కుడికాలు వదినకి, ఎడంకాలు అల్లుడికి. మోకాళ్ళ పైన తొడలకి కూడా ఎవరి తువ్వాలు వాళ్ళదే, అటు వేడిది, ఇటు చల్లది. కుడివైపు చెమట, ఎడమవైపు వణుకు. పది నిమిషాలు "హమ్మా" అనాలో "ఉహుహూ" అనాలో తెలీక రెండూ కలిపి అంటూ కూర్చుంది.

మంగళవారం నుంచి పలకరింపులు మొదలయ్యాయి. దివాకర్ ఆఫీసు పని మొదలుపెట్టే ముందు వచ్చి, "అత్తయ్యా, లెఫ్ట్ లెగ్ స్టేటస్ ఏంటి? పదికి ఎంత?" అనేవాడు.

"ఎడంది బ్రహ్మాండంగా ఉంది బాబూ. కుడిదే సతాయిస్తోంది."

మధ్యాహ్నం వసంతలక్ష్మిగారు. "కుడికాలు ఎలా ఉంది వదినా?"

"దానికేం, దూదిపింజలా ఉంది. ఎడందే బండరాయి."

నిజానికి మంగళవారం రెండూ సమానంగా ఏడిపించాయి. సోమవారం కంటే ఎక్కువే. ఎవరి కాలు ఎంత బాగుందో చెప్పీ చెప్పీ, ఏ కాలు నిజంగా ఎంత నొప్పో ఆవిడకే పట్టు దొరకలేదు. మెట్ల మీద ఒకటి వేసి చూసుకునేది. వెనక్కి తీసుకునేది. రెండోది వేసి చూసుకునేది. "ఇది బాగుందా? బాగుందని నేను చెప్పానా? చెప్పింది దీని గురించేనా?" అని తనలో తనే గొణుక్కునేది.

బుధవారం ఇంకోటి జరిగింది. బకెట్ల వేళకి సీరియల్ వచ్చింది. అప్పటిదాకా కోడల్ని పీడించిన అత్తగారికి జబ్బు చేసే రోజది. అమ్మమ్మ దాన్ని వదులుకునే మనిషి కాదు. నిండు బకెట్లు కదపలేక, కుర్చీ ఒక్కటీ బకెట్ల అవతలివైపుకి లాక్కుని టీవీకేసి తిరిగి కూర్చుంది. బకెట్లు ఉన్నచోటే ఉన్నాయి. మనిషి తిరిగింది. అల్లుడి కాలు పొగల్లోకి, వదిన కాలు ఐసులోకి వెళ్ళాయి. ఆవిడ కళ్ళు తెర మీద ఉన్నాయి. గురువారం కూడా అంతే. ఇంట్లో ఒక్కరు తప్ప ఎవరూ గమనించలేదు. ఆ ఒక్కరూ పెదవి బిగపట్టి చిప్స్ తింటూ కూర్చున్నారు.

గురువారం బకెట్లు తీసేసిన కాసేపటికి కొంప మునిగింది. వసంతలక్ష్మిగారు రావడం, దివాకర్ మీటింగ్ అయిపోయి బయటికి రావడం ఒక్కసారే జరిగాయి.

"కుడిదేగా బాగున్నది?" అన్నారావిడ.

"లేదండీ, లెఫ్ట్. పదికి ఎనిమిదని పొద్దున్నే చెప్పారు" అన్నాడు దివాకర్.

"నాకు నిన్ననే చెప్పింది, దూదిపింజ అని! చెప్పలేదూ వదినా?"

"చెప్పండి అత్తయ్యా, ఏది?"

అమ్మమ్మ ఇటు చూసింది. అటు చూసింది. కిందకి, కాళ్ళకేసి చూసింది, అవైనా చెబుతాయేమోనని. "పాలు పొంగుతున్నాయి" అని వంటింట్లోకి పరిగెత్తింది. స్టౌ మీద పాలు లేవు. స్టౌ వెలిగించి కూడా లేదు. కానీ పరిగెత్తింది. ఆ సంగతి ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

శుక్రవారం సాయంత్రం క్లబ్‌హౌస్. త్రివేణి ఫోన్‌లో టైమర్ పట్టుకుని కింద నిలబడింది. ఒక పక్క దివాకర్, ఒక పక్క వసంతలక్ష్మిగారు. ఆవిడ టీషర్టు వేసుకుని, జుట్టు బిగించి ముడేసుకుని వచ్చారు, ఎందుకైనా మంచిదని. అమ్మమ్మ పైమెట్టు మీద నిలబడింది. రెయిలింగ్ పక్కనే ఉంది, పట్టుకోకూడదు. ఎనిమిదేళ్ళు గట్టు మీంచి చూసిన కోర్టు, కింద వాళ్ళ వెనకనున్న అద్దాల తలుపులోంచి కనిపిస్తోంది. ఈ పద్నాలుగు మెట్లు దిగితే అది తనది. దిగకపోతే మళ్ళీ గొడుగు.

ముందు ఏ కాలు వెయ్యాలి?

"కుడికాలు పెట్టు వదినా! శుభం!"

"అత్తయ్యా, లెఫ్ట్! లెఫ్టే స్ట్రాంగ్‌గా ఉంది, దాని మీద బరువు వెయ్యండి!"

"కుడికాలే! వారం నుంచి నూనె కూడా రాస్తున్నాం దానికి!"

"ఆంటీ, టైమ్ అయిపోతోంది" అంది త్రివేణి.

అమ్మమ్మ కుడిపాదం ఎత్తింది, దించింది. ఎడమది ఎత్తింది, దించింది. కింద కేకలు పెరిగాయి. లెఫ్ట్, కుడి, లెఫ్ట్, కుడి. ఆవిడ మొహం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది.

"నోళ్ళు ముయ్యండి!" అంది. పదహారేళ్ళ తర్వాత మొదటిసారి అల్లుణ్ణి అంది. "నా కాళ్ళు నాకు వదిలెయ్యండి ఇద్దరూ! ఒకళ్ళు ఐసులో ముంచుతారు, ఒకళ్ళు పొయ్యిలో పెడతారు! ఇవి కాళ్ళా, కూరముక్కలా? నిలబడు వదినా అక్కడే, నీ సంగతి చెబుతాను!" అంటూ వేలు చూపిస్తూ వచ్చింది. వసంతలక్ష్మిగారి ముక్కు దాకా వచ్చాక ఆగింది. వెనక్కి తిరిగి చూసుకుంది. పద్నాలుగు మెట్లూ ఆవిడ వెనకే ఉన్నాయి.

"మెట్లు దిగడానికి తొమ్మిది సెకన్లు. పాస్ ఆంటీ" అంది త్రివేణి.

వసంతలక్ష్మిగారు జుట్టు ముడి విప్పేసుకుని, "చూశారా, కుడికాలే ముందు పడింది" అన్నారు.

శనివారం అమ్మమ్మ ఆడింది. పదకొండు బంతులు పట్టింది, ఒకటి వదిలేసింది. ఇరవై మూడు, ఇరవై అయిదుతో ఓడిపోయాం. గట్టు మీద వసంతలక్ష్మిగారు స్కోరు పుస్తకంలో ఆ పదకొండింటి కిందా గీతలు గీశారు. ఆ వదిలేసినప్పుడు ముందుకేసింది ఏ కాలన్న దాని మీద ఆవిడా, దివాకరూ ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ఇదంతా రాసి, కుర్చీ తిప్పిన సంగతితో సహా అమ్మమ్మకి చదివి వినిపించి, "చివర్లో ఏ కాలు గెలిచిందో రాయాలి, చెప్పు అమ్మమ్మా" అని అడిగితే, ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"కుర్చీ తిరిగిందని తెలిసీ చిప్స్ తింటూ కూర్చున్నావన్నమాట. నీ చెవులు రెండూ మెలిపెడతాను, ఇలా రా. ఏ చెవి ముందో నువ్వే చెప్పు."