మినిట్స్‌కెక్కని తెలుగు

ఆ రోజుల్లో మా కోయంబత్తూరు ఇళ్ళల్లో తెలుగుకి రెండే పనులుండేవి. ఒకటి ఇంట్లో ఒకరినొకరు తిట్టుకోవడం, రెండోది బయటివాళ్ళ ముందు గుట్టుగా మాట్లాడుకోవడం. చీరలకొట్లో మా అమ్మ కొట్టువాడి మొహంలోకి చూసి నవ్వుతూనే "ఇది వద్దే, రంగు పోవును, లేసి రా" అనేది. అతను ఆ నవ్వు చూసి కాఫీ తెప్పించమంటారా అని తమిళంలో అడిగేవాడు. బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు చదువుకున్న మాకు (తెలుగు అక్షరాలు నాకు పెళ్ళయ్యాక మావారు నేర్పారు, తప్పులుంటే ఆయన్నే అనండి) తలుపు వేయకుండా రహస్యాలు చెప్పుకునే సౌకర్యం ఒకటి ఉందని మహా గర్వంగా ఉండేది. ఆ గర్వం ఎలా దిగిందో చెబుతాను.

బీకాం కాగానే పీలమేడులో ఒక బేకరీ మేడమీదున్న ఆఫీసులో చేరాను. చిన్న చిన్న వ్యాపారులచేత సర్కారు టెండర్లు వేయించడం మా పని. నాకొచ్చిన విద్యల్లా కాగితాలు స్కాన్ చేసి వెబ్‌సైటులోకి ఎక్కించడమే. అయినా విజిటింగ్ కార్డు మీద 'కన్సల్టెంట్' అని అచ్చుపడేసరికి నా కాళ్ళు నేలమీద ఆనలేదు. నా మొట్టమొదటి కస్టమరు మా మేనత్త. కినత్తుకడవులో ఆమెకి కొబ్బరి పీచుతో మ్యాట్లు నేసే షెడ్డు ఉంది. ఏళ్ళతరబడి సరుకంతా ఒకే వ్యాపారికి పోసేది. ఆయన వానాకాలంలో కొనడం మానేస్తే షెడ్డుకి తాళం, నేసే ఆడవాళ్ళు ఇంటికి. అలాంటి సమయంలో ప్రభుత్వ హాస్టళ్ళకి పీచు మ్యాట్లు కావాలని టెండరు పడింది. "ఇది మాత్రం వస్తే ఇంక ఆయన వాకిట్లో నిలబడే పని లేదు పాపా" అంది అత్త, నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

వచ్చిన చిక్కల్లా గడువుతో. సరుకంతా ఐప్పసి నెలలోనే, అంటే మా వైపు వాన కుండపోతగా కురిసే రోజుల్లోనే ఇచ్చెయ్యాలట. ఆలస్యమైతే మళ్ళీ టెండరు గడప తొక్కనివ్వరు. పీచుని ఎండబెట్టే మిషన్లు పెద్ద కంపెనీలకే ఉంటాయి, మా అత్తకున్నది సూర్యుడొక్కడే. టెండరు వేసేముందు సందేహాలు అడగమని ఆఫీసువాళ్ళు ఒక మీటింగ్ పెడతారు. అచ్చంగా అడగడానికే పెట్టిన ఆ మీటింగుకి అత్తని తీసుకెళ్తూ ఈ కన్సల్టెంటమ్మ ఇచ్చిన సలహా ఏమిటంటే, "అక్కడ నోరు మాత్రం తెరవద్దత్తా. మిషన్ లేదని తెలిస్తే మనల్ని లెక్కపెట్టరు." పాపం, అత్త నమ్మి తల ఊపింది.

హాల్లో మాతోపాటు పొల్లాచ్చి నుంచి వచ్చిన ఒక తెల్లచొక్కా ఆయన, ఆయన కొడుకు ముందు వరసలో కూర్చున్నారు. అటు మూల లావుపాటి అన్నదమ్ములిద్దరు. పెద్ద మీసాల ఆఫీసరు వచ్చి, షరతులన్నీ తమిళంలో చదివి, "ఏదావదు సందేగం ఇరుక్కా?" అన్నాడు. సందేహాలున్నాయా అని. అత్త నా చెవి దగ్గరికి వంగింది (ఆమె గుసగుస మిల్లు సైరనుకి కాస్త తక్కువ).

"ఏమే, ఐప్పసిలో పీచు ఎట్ల ఎండును? నా నెత్తిన ఏసుకుని ఎండబెట్టేదా? అడుగుదామా?"

"సుమ్మా ఉండత్తా! అడిగితే మన బండారం బయట పడును."

"ఆ మీసాలాయనకి వాన సంగతి ఏమి తెలుసును? సూడు, మీసాలు మన పీచుకన్నా బిరుసుగా ఉండాయి."

"నవ్వుతా తల ఊపు, సాలు."

ఇద్దరం ఆఫీసరు వైపు చూసి నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. నవ్వి, పెన్ను బల్లమీద పెట్టి, అచ్చం మా ఇంటి తెలుగులో మొదలుపెట్టాడు. "నేను మదురై పక్క తెలుగోణ్ణే. ఈ పక్క అత్తాకోడలు, ఆ మూల అన్నదమ్ములు, ముందర అప్పాకొడుకు, అందరూ పీచు ఎండదు, పీచు ఎండదని తెలుగులోనే గొణుగుతా ఉండారు. నేను మినిట్స్ తమిళంలో రాయాల. ఎవరో ఒకరు లేసి అదే మాట తమిళంలో అడగండి సామీ, రాసుకుంటాను."

మూడు గుంపులవాళ్ళం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. "మీరూనా?" అన్నాడు పొల్లాచ్చి ఆయన, సొంత ఇంట్లో దొంగని పట్టుకున్నట్టు. ఒక్కసారిగా హాలంతా నవ్వు. ఆ గదిలో తెలుగు రానివాడు టీ తెచ్చిన అటెండరు ఒక్కడే. పాపం అతను తన చొక్కామీద ఏమైనా ఒలికిందేమోనని చూసుకుంటున్నాడు. ఇంత జరిగినా అడగడానికి ఎవరూ లేవలేదు. నేనైతే సిగ్గుతో అత్త కొంగు పట్టుకుని కిందికి లాగుతున్నాను. అత్త నా చెయ్యి విదిలించుకుని లేచింది. వాన, పీచు, సూర్యుడు, నేసే ఆడవాళ్ళు, అన్నీ కలిపి ధారాళమైన తమిళంలో గొంతెత్తి అడిగేసింది. ఆయన శ్రద్ధగా రాసుకుని, తలెత్తి తెలుగులో అన్నాడు: "మీసాల సంగతి కూడా రాయాలా అమ్మా?"

"వద్దు సామీ, అది సందేగం కాదు" అంది అత్త.

గడువు తై నెల దాకా, అంటే సంక్రాంతి ఎండల దాకా పెరిగింది, టెండరు అత్తకే వచ్చింది. ఆ వానాకాలం షెడ్డుకి తాళం పడలేదు, అత్త ఏ వాకిట్లోనూ నిలబడలేదు. పొల్లాచ్చి ఆయన తర్వాత బస్‌స్టాండులో కనబడి, "మీరు లేయకుంటే నేనే అడిగి ఉందును అక్కా" అన్నాడు. (అడిగేవాడు కాదు.)

ఇప్పుడు నాకు సొంత ఆఫీసుంది, నాలుగు తెల్లవెంట్రుకలూ ఉన్నాయి. నోరు తెరిచి అడగండని అందరికీ చెబుతుంటాను. అయినా అలాంటి మీటింగుల్లో కూర్చోగానే, ఆ పాత విజిటింగ్ కార్డు పిల్ల లోపలినుంచి పొడుస్తుంది. మెల్లగా తెలుగులో, "ఇక్కడ మనవాళ్ళెవరైనా ఉండారా?" అంటాను. ఎవరూ తల తిప్పరు. అంత బిగుసుకుని కూర్చున్నారంటే అందరూ మనవాళ్ళే. అప్పుడు నేనూ నా కస్టమరు చెవి దగ్గరికి వంగి గుసగుస మొదలుపెడతాను, తెలుగులోనే.