జిగురుపట్టీ

వాగ్దేవి కామ్‌హోకు వెక్కిరింతనే వరంగా ప్రసాదించినట్లుండేది. తన తల్లిభాష కాంటనీస్‌లో విసిగించే మనుషుల కోసం పుట్టిన పేర్లన్నీ ఆమె నాలుక చివరే ఉండేవి. ఎవరికేది అతుకుతుందో ఎంచి అంటించేది. ఊపిరి తీసుకోకుండా మాట్లాడే అద్దెదారు 'ఊపిరి సంచి'. ఎంత చెప్పినా బుర్రకెక్కని చేపలవాడు 'ఎద్దుతోలు లాంతరు'. లోపల దీపం వెలిగించినా వెలుగు బయటికి రాదు. నిత్యం మొహం చిట్లించుకొనే మేడమీది ఆవిడ 'ఎండు కాకరకాయ'. ఆ పేర్లు విని అందరికంటె ముందు పగలబడి నవ్వేవాడు ఆమె భర్త, ట్రాము నడిపే వింగ్‌షున్.

వార్ధక్యంలో అతని జ్ఞాపకం క్రమంగా ఆరిపోయింది. భార్య కనుమరుగైతే చాలు, భయం. వంటింట్లోకైనా, బజారుకైనా ఆమె చొక్కా అంచు పట్టుకొని వచ్చేవాడు. స్నానాలగది తలుపు వెలుపల నిలబడి పిలుస్తూనే ఉండేవాడు. చివరికామె అతనికీ పేరు పెట్టింది: 'జిగురుపట్టీ'. ఇరుగుపొరుగు నవ్వారు. అతడు నవ్వలేదు. అది నవ్వవలసిన మాటని అతనికి తెలియలేదు.

నిద్రలేమితో నీరసించిన కామ్‌హో, చలి పోయి నేలలోని పురుగులు మేల్కొనే పర్వదినాన వంతెన కిందికి వెళ్లింది. అక్కడ ముసలమ్మలు పీటలు వేసుకొని, పీడించేవాడి పేర కాగితపు బొమ్మను చెప్పుతో కొట్టి, కాల్చి పీడ వదిలిస్తారు. భర్తా వెంటే వచ్చాడు.

"ఎవరు తల్లీ, నిన్ను పీడించేది?" అని అడిగింది ముసలమ్మ.

కామ్‌హో పక్కకు చూడలేదు. "జిగురుపట్టీ ఒకడున్నాడక్కా. ఒక్క పూట వదిల్తే చాలు, కాస్త కునుకు తీస్తాను."

ముసలమ్మ బొమ్మను ఇటుకమీద పరిచి చెప్పు ఎత్తింది. "నెత్తిన కొడతా, నీ తెలివి చెదరా! కాళ్లమీద కొడతా, నీ నడక విరగా!"

రెండు దెబ్బలు పడ్డాయో లేదో, వింగ్‌షున్ వంగి బొమ్మమీద అరచేయి కప్పాడు.

"వద్దమ్మా, పాపం! ఏం చేశాడని వాణ్ని?"

పైకెత్తిన చెప్పు గాలిలోనే ఆగింది. ట్రాము పిడి తిప్పి తిప్పి కాయలు కాచిన ఆ చేతిని కామ్‌హో చూసింది. దాని కిందనుంచి మెల్లగా బొమ్మను లాగింది.

"కాల్చకుండా తీసుకుపోతావేం? సగంలో ఆపితే ఆ పీడ నీ వెంటే పడుద్ది, చెప్తున్నా!" అని కసిరింది ముసలమ్మ.

"పడనీలే అక్కా. ఇంకెన్నాళ్లు పడతాడు?"

ట్రాము వచ్చేదాకా అతడు ఆ నలిగిన కాగితాన్ని మోకాలిమీద పరుచుకొని, వేలితో ముడతలు సరిచేస్తూ కూర్చున్నాడు. ఆమె అతని పక్కనుంచి కదలలేదు.