మాస్కులిచ్చే చెట్టు

ఎడారి మధ్యనున్న చాండ్లర్‌లో మా పెరడంతా కలిపి మూడు కాక్టస్‌లు, ఒక నిమ్మ మొక్క. ఆ ఎండల్లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్న నేను ఆఫ్రికా వాన అడవి మీద మనసు పడ్డాను. చిన్నప్పుడు జూలో కమ్మీల వెనక ఒంటరిగా కూర్చున్న చింపాంజీ ఒకటి నా వంక చూసిన చూపు నన్ను వదల్లేదు. ఒక్కసారైనా ఆ జీవిని దాని సొంతింట్లో చూడాలని కోరిక. మా ఆయనకి అడవి అనగానే దోమలే గుర్తొస్తాయి. అందుకని కాలేజీలో చదువుతున్న మా అమ్మాయిని తోడు తీసుకుని పోయిన వేసవిలో యుగాండా వెళ్ళాను. మాకు దొరికిన పర్మిట్ ఒక్క రోజుకి. చింపాంజీల దగ్గర ఉండనిచ్చేది ఒక్క గంట.

ఆ గంట కోసం రెండేళ్ళ సెలవులు దాచుకున్నాను. తీరా విమానం దిగేసరికి గొంతులో గరగర మొదలైంది.

మర్నాడు పొద్దున్నే రెండు టాబ్లెట్లు వేసుకుని, మిరియాలూ పటికబెల్లం బుగ్గన పెట్టుకుని, తగుదునమ్మా అని బయల్దేరాను. అడవి అంచున ఉన్న ఆఫీసులో రేంజర్ మమ్మల్ని ఎనిమిది మందినీ నిలబెట్టి మాట్లాడింది. నా వయసావిడే, పొడగరి. దగ్గు, జలుబు ఉన్నవాళ్ళు ఇక్కడే చెప్పేయండి అంది. మన జలుబు చింపాంజీలకి అంటుకుంటుందట. మనకి నాలుగు రోజుల్లో తగ్గిపోయేది వాటి పిల్లల ప్రాణం తీయగలదట. చెప్పినవాళ్ళకి చింపాంజీల బదులు పక్షులని చూపిస్తామంది. నేను ఫారం అందుకుని, దగ్గు ఉందా అన్న చోట లేదని రాసి సంతకం పెట్టాను.

మా అమ్మాయి నా చెవి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, మార్నింగ్ బాత్రూమ్‌లో దగ్గావ్. ఐ హర్డ్ యూ."

"దుమ్మే, అది."

"ఇక్కడ దుమ్మెక్కడుంది? అంతా బురదే కదా!"

గుడ్లురిమి చూశాను. అది రేంజర్ దగ్గరికి వెళ్ళి ఏదో అడిగింది. బాత్రూమ్ ఎక్కడని కాబోలు అనుకున్నాను.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పక తప్పదు. కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో, క్లీన్‌రూమ్‌లో నా పని. తల నుంచి కాలి దాకా తెల్లటి సూటు, ముఖానికి మాస్కు. లోపల ఒక్క రేణువు పడినా సరుకు పాడవుతుంది. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పద్ధతులన్నీ నేర్పేది నేనే. మెడకి పౌడర్ రాసుకొచ్చిన పెద్ద ఇంజనీరుని కూడా గుమ్మంలోంచే వెనక్కి పంపించిన దాన్ని. "నీకు కనిపించనంత మాత్రాన అది లేనట్టు కాదు" అని ప్రతి బ్యాచికీ చెప్తాను. చెప్పేవన్నీ శ్రీరంగనీతులే.

నడక మొదలైంది. పైన ఆకులు కమ్ముకుని, కింద వేర్లు కాళ్ళకి అడ్డం పడుతున్నాయి. బైనాక్యులర్స్ మెడలో వేసుకున్న పక్షుల గైడొకడు ఎందుకో నా వెనకే తగులుకున్నాడు. "మేడమ్, ఆగండి, పైన చూడండి" అంటాడు. చూస్తే కోడిపుంజంత నీలం పక్షి, పసుపు ముక్కు చివర ఎర్రగా పండినట్టుంది. ఇంకో రోజైతే మురిసిపోయేదాన్ని. అప్పుడు మాత్రం వీడొకడు నా ప్రాణానికి అని విసుక్కున్నాను. దగ్గు తన్నుకొస్తోంది. దొంగకి తేలు కుట్టినట్టు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా మింగేస్తున్నాను.

రెండు గంటల తర్వాత ఎదురుగా అరుపులు. ఒకటి మొదలుపెడితే పది అందుకున్నాయి. గుండె ఝల్లుమంది. మనిషి ఎత్తు వేర్లున్న పెద్ద చెట్టు కింద రేంజర్ మమ్మల్ని ఆపి మాస్కులు పంచింది. ఇక్కణ్ణుంచి మాటలు వద్దు, గుంపులో నెలల పిల్లతో ఒక తల్లి ఉంది అని చెప్పింది.

మాస్కు అందుకున్నాను. ముక్కు మీద నొక్కి, గడ్డం కిందికి లాగి, అంచులు సరిచూసుకున్నాను. రోజూ చేసే పనే కాబట్టి చేతులు వాటంతట అవే చేశాయి. కానీ ఆ చేతులని చూస్తే నాకే అసహ్యం వేసింది. మా అమ్మాయి నా వైపు చూడటం లేదు. తల వంచుకుని బురదంటిన బూట్లు చూసుకుంటోంది.

"నాకు దగ్గుంది," అన్నాను రేంజర్‌తో. "నిన్నటి నుంచీ ఉంది. ఫారంలో అబద్ధం రాశాను."

ఆవిడ ఆశ్చర్యపోలేదు, కోప్పడనూ లేదు. తలూపి గైడు వైపు చూసింది. అతను అప్పటికే రెండో బైనాక్యులర్స్ తీసి నాకోసం పట్టుకుని ఉన్నాడు. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా నొక్కి, మిగతావాళ్ళతో ముందుకెళ్ళిపోయింది.

గైడు నన్ను పక్షుల దారిలోకి మళ్ళించాడు. చెట్ల అవతల చింపాంజీలు వేర్ల మీద దబదబా బాదుతున్నాయి. ఆ చప్పుడు వింటూ ఏడ్చాను. సగం సిగ్గుతో, సగం కోరిక తీరనందుకు. అతను నన్ను ఏడవనిచ్చి, తర్వాత నెమ్మదిగా వేలెత్తి చూపించాడు. పెద్ద ముక్కు పక్షుల జంటొకటి మా నెత్తి మీదుగా ఎగిరింది. విసనకర్రలు విసిరినట్టు వాటి రెక్కల చప్పుడు చాలాసేపు వినిపించింది.

తిరిగొచ్చేటప్పుడు జీపులో మా అమ్మాయి నా భుజం మీద తల పెట్టుకుంది.

"సారీ అమ్మా. పొద్దున్నే రేంజర్ ఆంటీకి చెప్పేశాను. మాస్క్ ట్రీ దాకా బర్డ్స్ వాళ్ళ దారి కూడా అదే అంది. అందుకే, అక్కడిదాకా ఆగండి, మా అమ్మే చెప్తుంది అన్నాను."

"చెప్పకపోతే?"

"ఆవిడ ఆపేసేది. నేనూ నీతో ఉండిపోయేదాన్ని. కానీ చెప్తావని తెలుసు. మాస్క్ ఇవ్వగానే చెప్పేశావ్. యూ డిడ్‌న్ట్ ఈవెన్ వెయిట్."

దాని జుట్టు నిమిరాను. ఆ చెట్టు కింద మాస్కు పెట్టుకున్నాక, అది తల దించుకుని ఉండగా, నేను అరుపుల వైపు నాలుగు అడుగులు వేశాకే వెనక్కి తిరిగాను. ఆ సంగతి దానికి ఇప్పటికీ చెప్పలేదు.